గుండుకు కొలిచి కొన్న హెల్మెట్

దేవుడు మా షడ్డకుడు కుప్పం గంగాధరానికి పదెకరాల మల్బరీ తోట ఇచ్చాడు, రెండంతస్తుల మిద్దె ఇచ్చాడు, పాతదే అయినా ఒక అంబాసిడర్ కారిచ్చాడు. నాకు జుట్టిచ్చాడు. గంగాధరానికి మాత్రం జుట్టివ్వలేదు. ఆ మనిషి పక్కన తలెత్తుకుని కూర్చోవడానికి నాకున్న ధైర్యం ఇదొక్కటే.

అట్లాంటి ఇట్లాంటి జుట్టు కాదండీ! ముందర పఫ్, పక్కల చెవులు మూసే అలలు, వెనక కాలరు మీద వాలే కొసలు. నేను పుంగనూరు దగ్గర పాల సొసైటీలకు సూపర్‌వైజర్‌ని. పల్లెల్లో నన్ను పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్లు కాదు. "క్రాపు వెంకటేశులు వస్తాండాడు, నీళ్లు కలిపిన క్యాను దాసిపెట్టండప్పా" అనేవాళ్లు.

అత్తగారింటికి పోయినప్పుడల్లా నేనూ గంగాధరమూ పక్కపక్కన భోజనానికి కూర్చుంటాం. మొదటి వడ ఆయనకే, మొదటి నెయ్యి ఆయనకే. అప్పుడు నేను జేబులోంచి దువ్వెన తీసి నింపాదిగా తల దువ్వుకునేవాణ్ణి. ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

ఇట్లా సుఖంగా ఉన్న కాలంలో, ఎనభై రెండో సంవత్సరం మొదట్లో, నేను బండి మీంచి పడ్డాను.

మన వైపు ఉలవ కోతలైతే తారు రోడ్డే కళ్లం కదా. కాయలతో ఎండిన ఉలవ కట్టె తెచ్చి రోడ్డు మీద పరిచేస్తే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. రామసముద్రం నుంచి వస్తూ నా రాజ్‌దూత్‌ను ఆ ఉలవ కట్టె మీదికి ఎక్కించాను. బండి ఒక పక్కకు పోయింది, నేను ఇంకో పక్కకు పోయాను. రైతు పరుగెత్తుకొచ్చి ముందు ఉలవలు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

మదనపల్లె ఆసుపత్రిలో తలకు నాలుగు కుట్లు వేశారు. కళ్లు తెరిచేసరికి మా ఆవిడ మునిరత్నమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది.

"నువ్వు కండ్లు తెరిస్తే సాలని ఏడుకొండలసామికి గుండు మొక్కినా" అంది.

"ఎవురి గుండు?"

"నీదే. నాది ఇచ్చేదానికి బండి మీంచి పడింది నేనా?"

"నాలుగు కుట్లకు గుండంతా యాల మే? మూడు కత్తెర్లు ఇస్తే సాలదా?"

"అది ఆడోళ్లకు. నువ్వేమన్నా ఆడదానివా?"

కుట్ల కంటే ఈ మాటే ఎక్కువ నొప్పెట్టింది. అయినా వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. వైశాఖంలో కుప్పంలో మా చిన్న మరదలి పెళ్లి. ఇప్పుడు గుండు చేయించినా అప్పటికి మూడు నెలలు దాటుతుంది. నా జుట్టు పెరిగే వేగానికి పఫ్ రాకపోయినా పక్క పాపిడికి లోటుండదు. గంగాధరానికి అదే ఎక్కువ.

కానీ మునిరత్నమ్మ అక్కడితో ఆగలేదు. బండి తాళంచెవి తీసి తాళిబొట్టు పక్కన పిన్నీసుకు తగిలించుకుంది.

"నువ్వు హెల్మెట్ కొనేదాకా ఇది ఈడే ఉంటాది."

"హెల్మెట్టా? అది పెట్టుకుంటే క్రాపు ఏం గావాల?"

"క్రాపుకు కుట్లు పడలేదు, తలకు పడినాయి."

మాఘమాసంలో తిరుమల పోయి మొక్కు తీర్చుకున్నాం. తిరుగు బస్సులో కిటికీ గాలి నున్నటి తలకు తగులుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గంధం పూసిన నా గుండు వైపు చూసి, "సల్లగా ఉండాదా?" అని అడిగింది మా ఆవిడ. నేను తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాను.

మదనపల్లెలో బస్సు దిగగానే నన్ను నేరుగా చెంగయ్య స్పేర్ పార్టుల అంగడికి నడిపించింది. సైకిల్ ట్యూబుల పక్కన రెండు హెల్మెట్లు వేలాడుతున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఎన్నాళ్లుగానో ఎవరూ అడగక దుమ్ము పట్టి ఉన్నాయి.

మా ఆవిడ హెల్మెట్ బేరం మీరు చూసి ఉండాల్సింది. కుండ కొనేటప్పటి మాదిరి వేళ్లతో తట్టి చెవి పెట్టి వింది. లోపల చెయ్యి పెట్టి స్పాంజి నొక్కింది. పట్టీ పట్టుకుని బావిలోంచి చేద లాగినట్టు లాగింది.

"ఏమప్పా చెంగయ్యా, ఇది గట్టిదేనా?"

"బండరాయే అనుకోమ్మా."

"అట్లయితే కింద పడేసి సూపీ."

"కింద పడేస్తే ఇంగెవురు కొంటారమ్మా?"

"బాగుంది! అదే కింద పడేదానికి బయపడితే మా ఆయన తలను ఏం కాపాడతాది?"

చెంగయ్య రెండు చేతులూ జోడించాడు. ఆమె తెల్లది తీసి నా తలకు తొడిగింది. బల్ల మీదున్న స్పానరు అందుకుని నడినెత్తిన ఒక్కటిచ్చింది.

"నొప్పి పుట్టిందా?"

"లేదు."

"ఇంగొంచెం గట్టిగా ఇచ్చి సూస్తామా?"

"సాల్లే తల్లీ, నాకు నమ్మకం కుదిరింది."

అంతలో చెంగయ్య, "తెల్లది సిన్న సైజమ్మా. ఎర్రది పెద్దది. ఇప్పుడంటే గుండు గానీ, రేప్పొద్దున మీ ఆయనకు జుట్టొస్తే..." అన్నాడు.

ఆ మాట వినగానే నాకో ఆలోచన తట్టింది. తెల్లది ఈ గుండుకే బిగుతుగా ఉంది. జుట్టొస్తే దిగదు. దిగకపోతే నేనేం చేయగలను? హెల్మెట్ కొన్న పుణ్యమూ దక్కుతుంది, క్రాపూ దక్కుతుంది. వెంటనే చెప్పు కాలితో చెంగయ్య పాదం మీద బలంగా తొక్కాను.

"అమ్మా!" అన్నాడు చెంగయ్య.

"ఏమప్పా?" అంది మా ఆవిడ.

"ఏం లేదు మే, తెల్లదే మేలంటాండాడు. సూడు, రవ్వంత కూడా ఊగడంలా. అచ్చు నాకోసమే సేసినట్టుండాది."

మునిరత్నమ్మ ముచ్చటపడి పిన్నీసు విప్పి తాళంచెవి నా చేతికిచ్చింది.

ఇంక ఆ హెల్మెట్‌కు జరిగిన మర్యాదలు నాకు పెళ్లిలో కూడా జరగలేదు. పసుపు కుంకుమలు పెట్టింది. దిష్టి తగలకుండా నల్లదారం కట్టింది. పాత రవికగుడ్డతో సంచీ కుట్టింది. శుక్రవారం శుక్రవారం లోపల సాంబ్రాణి పొగ పట్టించేది. ఆదివారమొస్తే చెమట వాసన పోవాలని సీకాయతో కడిగి మిద్దె మీద ఎండబెట్టేది. మా అమ్మ తిమ్మక్క చూసి చూసి, "నా కొడుక్కు తలంటి ఎన్నేండ్లాయనో, దానికి మాత్రం వారం వారం తలంట్లు" అంది.

పల్లెల్లో నా తిప్పలు అడక్కండి. రామసముద్రం దగ్గర సిద్దమ్మ అనే ముసలామె నన్ను చూసి, "సామీ, ఆ కుండ తీసేసి రా. నిన్ను సూసి బయపడి మా ఎనుము పాలు సేపడంలా" అని వాకిట్లోనే నిలబెట్టేసింది.

అన్నీ ఓర్చుకున్నాను. పొద్దున్నే గుంటగలగరాకు నూనె, సాయంత్రం ఉల్లిపాయ రసం. హెల్మెట్‌ను ఆమె, జుట్టును నేను, పోటీ పడి పోషించాం. ఫాల్గుణంలో హెల్మెట్ కొంచెం మొరాయించింది. చైత్రంలో ఒకరోజు పొద్దున నడినెత్తిన ఆగిపోయి ఇంక దిగనంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ముఖం మాత్రం దిగాలుగా పెట్టుకుని కేకేశాను.

"మునిరత్నా, ఇట్ల రా! ఏందో అయిపోయిండాది."

ఆమె వచ్చి రెండు చేతులతో నొక్కింది. మా అమ్మ వచ్చి తానూ ఒక చెయ్యేసింది. నా మెడ భుజాల్లోకి దిగింది గానీ హెల్మెట్ దిగలేదు.

"పోయిన నెల దిగింది గదా?"

"దిగింది. ఇప్పుడు కురసైపోయింది."

"హెల్మెట్ యాడన్నా కురసైతాదా?"

"సీకాయేసి కడిగితే కాదా? కొత్త పంచె ఒక్క ఉతుక్కే జానెడు గుంజుకుపోతాది. దీన్ని వారం వారం తడిపి మిద్దె మీద ఎండబెడితివి. ఎన్ని ఎండలు తినిందో నువ్వే లెక్కేసుకో."

మునిరత్నమ్మ ముఖం చిన్నబోయింది. "అయ్యో, నేనే సెడగొట్టినానా?" అంది.

ఆ ముఖం చూస్తే నాకు నిజంగానే జాలేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. అనుకోకుండా చెయ్యి నా జుట్టు మీదికి పోయింది. వేళ్ల సందున మెత్తగా తగిలింది. నోరు మూసుకున్నాను.

మూసుకున్నవాణ్ణి అట్లాగే ఉండకుండా గొప్పకు పోయాను. "బాధపడొద్దు మే. నాకేమన్నా హెల్మెట్ పెట్టుకోకూడదని ఉండాదా? అది మళ్లా నా తలకు దిగేటట్టయితే, నువ్వు ఏ దేవుడికి ఏం మొక్కినా తీరుస్తా. అమ్మ మీద ఒట్టు!"

"నా మీద యాలరా, నీ మీద ఏసుకో" అంది మా అమ్మ.

మర్నాడు మునిరత్నమ్మ తాళంచెవిని మళ్లీ పిన్నీసుకు తగిలించుకుని, హెల్మెట్‌ను రవికగుడ్డ సంచీలో పెట్టుకుని, మార్చుకొస్తానని మదనపల్లె బస్సెక్కింది. నేను నిశ్చింతగా ఉన్నాను. ఎర్రది అమ్ముడుపోయిందని వారం ముందే కనుక్కుని పెట్టుకున్నాను. పెళ్లికి పది రోజులుంది. బండి లేకుండా కుప్పం ఎట్లా పోతాం? పెళ్లి నాటికి ఆమే మెత్తబడుతుంది, క్రాపు గాల్లో ఎగురుతుంటే కల్యాణ మంటపం ముందు బండి ఆపుతాను అనుకున్నాను.

సాయంత్రం ఆమె తలలో మల్లెపూలతో తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?"

"ఎర్రది అమ్మేసినాడంట. పసుపు పూసింది వాపసు తీసుకోడంట."

"అయ్యో! ఇంగేం సేస్తాం?"

"ఏం సేసేది, దేవుడే దిక్కు. బస్సు దిగి గంగమ్మ గుడికి పోయొచ్చినా. ఆ హెల్మెట్ మా ఆయన తలకు దిగేటట్టు సెయ్యి తల్లీ అని మొక్కినా."

నాకు లోపల నవ్వు ఆగడం లేదు. "మంచి పని సేసినావు. ఏం ఇస్తానన్నావు? కోడా, పొట్టేలా?"

"నీ జుట్టు."

నవ్వు ఆగిపోయింది.

"మే! దిగితే గదా ఇచ్చేది? ముందు దిగనీ!"

"గంగమ్మ దగ్గర బేరాలాడతావా? ముందు మనం ఇస్తే ఆ తల్లే దిగేటట్టు సేస్తాది."

"ఆ తల్లి సేసేదేముంది, జుట్టు తీస్తే అదే దిగతాది గదా!"

అనేశాను. నోట్లోంచి వచ్చిన మాటను పట్టుకునే ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

"అట్లనా?" అంది మునిరత్నమ్మ మెల్లగా. "మరి సీకాయకు గుంజుకుపోయిందంటివే?"

నేను దూలాలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

"పాపం చెంగయ్య కాలి గోరు ఇంగా నల్లగానే ఉండాది. సెప్పేదానికి కూడా బయపడతాండాడు, మళ్లా యాడ తొక్కుతావో అని."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. గడప మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆపొద్దు ఆసుపత్రిలో నీ సొక్కా తెచ్చి నా సేతికిచ్చినారు. నెత్తురు ఇంగా ఆరలేదు. నువ్వు లోపలుండావు, బతికిండావో లేదో ఎవురూ సెప్పరు. ఆ సొక్కా పట్టుకోని కూసున్నా. నాకు మళ్లా అట్ల కూసునే శక్తి లేదప్పా. జుట్టు పోతే వస్తాది."

నేను పోయి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను.

లోపల్నుంచి మా అమ్మ కేకేసింది. "ఒరే, ఒట్టు నా మీద ఏసిండావు. నాకింగా కొన్నాళ్లు బతకాలనుండాది. పోయి ఇచ్చిరా పో!"

పెళ్లి నాలుగు రోజులుందనగా గంగమ్మకు జుట్టిచ్చేశాను. గుడి ముందరే హెల్మెట్ తొడిగితే చెవుల దాకా నున్నగా దిగింది. "ఏం మహత్యం తల్లీ నీది!" అని మా అమ్మ లెంపలేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా దండం పెట్టారు. నేనూ పెట్టాను.

తాళంచెవి మళ్లీ నా చేతికొచ్చింది. పెళ్లినాడు బండి మీద పలమనేరు మీదుగా కుప్పం చేరాం. దారిలో ఒక్క సంగతితో మనసు కుదుటపరుచుకున్నాను. పోతే పోయింది, గంగాధరం తలా నా తలా సమానం, అంతే కదా.

మంటపం ముందు అంబాసిడర్ ఆగింది. గంగాధరం దిగాడు. ఆయన తల నిండా జుట్టు! ముందర పఫ్, పక్కల చెవులు మూసే అలలు. బెంగళూరు నుంచి తెప్పించిన విగ్గు. మా వైపు వాళ్లకు తెలిసినా, పదెకరాల ఆసామి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. పెళ్లికొడుకు వాళ్లది దూరపు ఊరు, వాళ్లు అది సొంతమే అనుకున్నారు.

"ఏమప్పా వెంకటేశులూ, పెండ్లి పూట ఇదేం అవతారం?" అని నా గుండు మీద చెయ్యేసి నిమిరాడు.

ఒక్కటే ఆలోచన నన్ను తొలిచేసింది. తిరుమలలో ఇచ్చిన జుట్టుతోనే విగ్గులు చేస్తారంటారు. ఆయన నెత్తిన ఉన్నది నాదేనేమో! భోజనాల దగ్గర వడ్డించినవాళ్లు మొదటి నెయ్యి ఆయనకే పోశారు. ఆయన జేబులోంచి దువ్వెన తీశాడు. నాకు అన్నం సహించలేదు.

అప్పుడు పుట్టింది నా రెండో తెలివి. గ్రూపు ఫోటో తీసే ముందు గంగాధరం విడిది గదిలో ఒంటరిగా అద్దం చూసుకుంటున్నాడు. నేను హెల్మెట్ పట్టుకుని లోపలికి పోయాను. బిగుతు హెల్మెట్ తొడిగి లాగితే విగ్గు లేస్తుంది, అంతలో జనాన్ని పిలవాలని నా పన్నాగం.

"అన్నా, ఇది పెద్ద పెద్ద ఆఫీసర్లు పెట్టుకునేది. నీ మొగానికి ఎట్లుంటాదో ఒక్కసారి సూస్తామా?"

ఆఫీసర్లు అన్న మాటకు పడిపోయాడు. నేనే తొడిగి నెత్తిన నొక్కాను. ఆయన తల నాకంటే చిన్నదేమో, విగ్గుతో సహా దిగింది. దిగింది గానీ, రావడం లేదు. నేను పైకి లాగాను. ఆయన కూడా హెల్మెట్‌తో పాటు కుర్చీలోంచి లేచాడు.

"మెల్లిగప్పా! సెవులు!"

ఆ కేకకు మా వదిన, ఆమె వెనకే మునిరత్నమ్మ పరుగెత్తుకొచ్చి తలుపు వేశారు. వదిన మొగుడి నడుము పట్టుకుంది. మా ఆవిడ ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టింది. నేను కాలు గోడకు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజాను. హెల్మెట్ వచ్చింది, నేను వెళ్లి మూల పరుపుల మీద పడ్డాను. హెల్మెట్ లోపల స్పాంజికి అతుక్కుని, పఫ్‌తో సహా, విగ్గు ఉంది.

అదే సమయానికి తలుపు తోసుకుని పెళ్లికొడుకు తండ్రి ఆదెప్ప వచ్చాడు. "రాండప్పా, ఫోటో ఆయన కాసుకోనుండాడు" అంటూ.

మునిరత్నమ్మ చెయ్యి ఎంత చురుకో అప్పుడు చూశాను. ఆదెప్ప లోపలికి తొంగిచూసేలోపలే గంగాధరం భుజం మీది పట్టు కండువా లాగి ఆయన తలకు పాగా చుట్టేసింది. ఆదెప్ప చూపు హెల్మెట్ మీద పడింది. అందులోంచి తొంగిచూస్తున్న జుట్టు మీద పడింది. తర్వాత నా గుండు మీద పడింది.

"ఇది ఎవురిదప్పా?"

నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ అందుకుంది. "మా ఆయనదే మామా. గుండుతో పెండ్లికొస్తే బాగుండదని తెచ్చుకున్నాడు. పెట్టుకునేదానికేమో సిగ్గు. అందుకే హెల్మెట్‌లో దాసిపెట్టుకున్నాడు."

నేను గంగాధరం వైపు చూశాను. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తున్నాడు.

ఆదెప్ప నా భుజం తట్టాడు. "సిగ్గేలప్పా? దేవుడికిచ్చిన తల. ఇట్లే రా ఫోటోకు. నీకన్నా పెద్దాయన, మీ అన్నను సూడు, పాగా కట్టుకోని ఎంత దర్జాగా ఉండాడో!"

ఫోటోలో ఆయన దర్జాగానే ఉన్నాడు. పక్కన నా గుండు ఫ్లాష్ వెలుతురుకు మెరిసింది. సాయంత్రానికి మంటపమంతా విగ్గు సంగతి తెలిసిపోయింది. పెళ్లికొడుకు మేనమామ ఒకాయన నన్ను పక్కకు పిలిచి, అది ఎండకు దురద పెడుతుందా అని అడిగి తెలుసుకోబోయాడు.

తిరుగు ప్రయాణంలో బండి దగ్గర మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఊరందరి ముందరా నన్ను విగ్గోణ్ణి సేసినావు గదే!"

"మరి నువ్వు మా అక్క మొగుణ్ణి ఏం సెయ్యబోయినావు?"

ఆమె హెల్మెట్ నా తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ తానే బిగించి, రెండుసార్లు గుంజి చూసింది.

"సరిగ్గా ఉండాదా?"

"ఉండాది."

"ఎప్పుడు బిగుతైతే అప్పుడు సెప్పు. గంగమ్మకు మళ్లా మొక్కుకుంటా."

ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పటికి ఇరవై మూడు మొక్కులు తీర్చాను. హెల్మెట్ మాత్రం ఇంకా కొత్తదాని మాదిరే ఉంది.